పొలము దుకాణమగునప్పుడు
భూవినియోగపు మార్పు – వివాదములు – పంచాయతీ సభ్యుల బాధ్యత

నిజామాబాదు నుండి ఆర్మూరు, మెట్‌పల్లి, కోరుట్లల మీదుగా జగిత్యాలకు పోవు 63వ నంబరు జాతీయ రహదారికి ఇరుప్రక్కల ఒకప్పుడు వరి, మొక్కజొన్న, పసుపు పైరులే కనబడుచుండెడివి. నేడు ఆ పైరుల నడుమ హద్దురాళ్లు పాతిన స్థలములు, పెట్రోలు బంకులు, గోదాములు, ఫంక్షన్ హాళ్లు, బియ్యపు మిల్లులు వెలసినవి. గల్ఫు దేశములలో ఎండకోర్చి సంపాదించిన సొమ్మును మన ప్రాంతపు వారు అనేకులు రోడ్డు ప్రక్క గుంట రెండు గుంటల భూమిపై వెచ్చించుచున్నారు. భూమి పొలముగా ఉన్నప్పుడు ఒక ధర, దుకాణపు స్థలమైనప్పుడు మరియొక ధర. ఈ రెండు ధరల నడుమ ఉన్న అంతరమే నేడు కోర్టులకెక్కుచున్న పెక్కు తగాదాలకు మూలము.

ఇట్టి తగాదా ఏది వచ్చినను మొదట తట్టబడునది గ్రామ పంచాయతీ తలుపే. “మా పొలమును పట్టణపు ప్లానులో పరిశ్రమల క్రింద చూపినారట, మేమేమి చేయవలెను?” అని ఒకరు, “మా ఇంటి ప్రక్క మిల్లు పెట్టుచున్నారు, ఎట్లు ఒప్పుకొంటిరి?” అని మరియొకరు, “నేను రుసుము కట్టితిని, ఇక పంచాయతీ అడ్డు చెప్పుటకు వీలులేదు” అని వేరొకరు వచ్చి అడుగుదురు. వీరికి సరియైన సమాధానము చెప్పగలిగిననాడు సగము వివాదములు కోర్టు గడప తొక్కకయే తీరును. అందుకు కావలసిన ముఖ్య విషయములను ఈ వ్యాసమున సభ్యులకు మనవి చేయుచున్నాము.

నాలుగు అనుమతులు – నాలుగు వేర్వేరు విషయములు

గ్రామములలో పెక్కుమంది ఒక కాగితము చేతికి రాగానే అన్ని అనుమతులు వచ్చినవని తలచుచున్నారు. ఇది పొరపాటు. పొలములో వ్యాపారము చేయదలచినవాడు దాటవలసిన గడపలు నాలుగు.

మొదటిది రెవిన్యూ శాఖవారి అనుమతి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర కార్యములకు మార్చుటకు 2006వ సంవత్సరపు 3వ నంబరు చట్టము కలదు. ప్రజలు దీనిని “నాలా” అని వ్యవహరించుచున్నారు. భూమి మూలవిలువపై నిర్ణీత శాతము రుసుము చెల్లించి ఈ అనుమతి పొందవలెను. తెలంగాణ ప్రభుత్వము 2016లో ఈ రుసుమును 9 శాతము నుండి 3 శాతమునకు తగ్గించెను. అనుమతి లేకయే భూమిని మార్చినచో, రుసుముతో పాటు అందులో సగము జరిమానాగా చెల్లింపవలసి వచ్చును. అయితే ఈ ఉత్తర్వు భూమికి హక్కుపత్రము కాదు. కట్టడమునకు అనుమతియు కాదు. భూమిని సాగు లెక్క నుండి తొలగించుట వరకే దాని పని.

రెండవది ప్రణాళికాపరమైన అనుమతి. పట్టణమునకు గాని, దాని చుట్టుపట్ల గ్రామములకు గాని మాస్టర్ ప్లాను, అనగా బృహత్ప్రణాళిక, అమలులో ఉన్నచో, ప్రతి సర్వే నంబరును ఏదో ఒక జోన్‌లో చూపుదురు. నివాసము, వాణిజ్యము, పరిశ్రమ, వ్యవసాయము, ఉద్యానము, ప్రజోపయోగము అని ఆ జోన్‌లు పలువిధములు. వ్యవసాయ జోన్‌లో ఉన్న భూమిని వాణిజ్య జోన్‌లోనికి మార్చవలెనన్న, రెవిన్యూ ఉత్తర్వు చాలదు. పట్టణ ప్రణాళికా శాఖ ద్వారా ప్రభుత్వమునకు దరఖాస్తు పోవలెను. మార్పును ప్రకటించి ఆక్షేపణలు స్వీకరింపవలెను. ఆ పిమ్మటనే తుది ఉత్తర్వు వెలువడును.

మూడవది కట్టడపు అనుమతి. 2002వ సంవత్సరపు పంచాయతీ లేఅవుటు, భవన నియమముల ప్రకారము 300 చదరపు మీటర్ల స్థలము వరకు, 10 మీటర్ల ఎత్తు వరకు గల కట్టడములకు పంచాయతీ తానే అనుమతి నొసగవచ్చును. అంతకు మించిన వాటికి పట్టణ ప్రణాళికా శాఖవారి సాంకేతికామోదము అవసరము. ఇప్పుడు అమలులో ఉన్న 2018వ సంవత్సరపు పంచాయతీరాజ్ చట్టము ఈ విషయమున పంచాయతీపై మునుపటి కంటె కఠినమైన బాధ్యత మోపినది.

నాలుగవది ఆయా వ్యాపారమునకు సంబంధించిన అనుమతి. బియ్యపు మిల్లునకు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి కావలెను. పెట్రోలు బంకునకు జిల్లా కలెక్టరు నిరభ్యంతర పత్రము కావలెను. జాతీయ రహదారిపైకి నేరుగా దారి తీయుటకు 2002వ సంవత్సరపు జాతీయ రహదారుల నియంత్రణ చట్టము క్రింద రహదారి అధికారుల అనుమతి కావలెను.

ఈ నాలుగింటిలో ఒకటి ఉన్నంత మాత్రమున తక్కిన మూడును ఉన్నట్లు కాదు. “నాలా కట్టితిని” అని వచ్చినవానికి సభ్యులు చెప్పవలసిన మాట ఇదియే.

జగిత్యాల, కామారెడ్డి నేర్పిన పాఠము

మన కన్నుల యెదుట జరిగిన ఒక ఉదంతమును ఇచట స్మరించుట అవసరము. 2022వ సంవత్సరాంతమున కామారెడ్డి పురపాలక సంఘమునకు, జగిత్యాల పురపాలక సంఘమునకు నూతన బృహత్ప్రణాళికల ముసాయిదాలు వెలువడినవి. కామారెడ్డిలో అడ్లూరు ఎల్లారెడ్డి మొదలగు గ్రామముల సాగుభూములను పరిశ్రమల జోన్‌లో చూపినారని రైతులు ఆందోళన చెందిరి. జగిత్యాల చుట్టుపట్ల నర్సింగాపూర్, తిమ్మాపూర్ మొదలగు గ్రామముల రైతులును తమ పొలములు వ్యవసాయేతర జోన్‌లలోనికి పోయినవని రోడ్లపై బైఠాయించిరి. 2023 జనవరి 4వ తేదీన అడ్లూరు ఎల్లారెడ్డి రైతు ఒకరు ప్రాణము తీసుకొనిరి. కామారెడ్డి రైతులు హైకోర్టును ఆశ్రయించిరి. తుదకు 2023 జనవరి 20వ తేదీన కామారెడ్డి పురపాలక సంఘము ముసాయిదాను ఉపసంహరింపవలెనని తీర్మానించెను. జగిత్యాల పురపాలక సంఘమును ఆ నెలలోనే అట్టి తీర్మానమే చేసెను.

ఈ ఉదంతమున ఎవరిది తప్పు, ఎవరిది ఒప్పు అని తీర్పు చెప్పుట మా ఉద్దేశము కాదు. అందుండి పంచాయతీలు గ్రహింపవలసినవి మూడు కలవు.

ముసాయిదా ముసాయిదాయే; తుది శాసనము కాదు. కామారెడ్డి ముసాయిదాపై ఆక్షేపణలకు 2023 జనవరి 11వ తేదీ వరకు గడువు ఉండెను. గడువు నడుచుచుండగనే ఒక నిండు ప్రాణము పోయినది. ముసాయిదా అననేమి, జోన్ అననేమి, భూమి ఎవరి పేర నిలుచును అని రైతునకు అతని భాషలో, అతని ఊరిలో, సకాలమున చెప్పువారు ఉండవలెను. నగరములోని కార్యాలయపు గోడపై అంటించిన పటము రైతునకు చేరదు. ఆ పటమును గ్రామమునకు తెచ్చి చూపవలసిన బాధ్యతలో పంచాయతీకి ముఖ్యమైన పాలు కలదు.

జోన్ మార్పు వేరు, భూసేకరణ వేరు. ప్రణాళికలో ఒక పొలమును పరిశ్రమల జోన్‌లో చూపినంత మాత్రమున ప్రభుత్వము ఆ పొలమును తీసికొన్నట్లు కాదు. పట్టా రైతు పేరననే ఉండును. ఆనాటికి చేయుచున్న సాగును సాధారణముగా కొనసాగించుకొనవచ్చును. తీసికొనవలెనన్న 2013వ సంవత్సరపు 30వ నంబరు భూసేకరణ చట్టమువంటి ప్రత్యేక చట్టము ప్రకారము నోటీసు ఇచ్చి, నష్టపరిహారము చెల్లింపవలెను. అయినను రైతు భయము నిరాధారమని త్రోసివేయరాదు. ఉద్యానముగానో, నూరడుగుల రోడ్డుగానో చూపిన భూమిని కొనువారుండరు. అందులో ఇల్లు కట్టుకొనుటకు అనుమతి దొరకదు. బిడ్డ పెండ్లికి అమ్ముదమన్న ధర పలుకదు. భూసేకరణలో పరిహారమైనను వచ్చును. జోన్ మార్పులో అది రాదు. రైతు బాధకు ఈ తేడాయే కారణము.

ముసాయిదా రద్దయినంత మాత్రమున పట్టణము పెరుగుట ఆగదు. ప్రణాళిక లేనిచోట దుకాణములు, గోదాములు, ప్లాట్లు ఇష్టము వచ్చిన రీతిని లేచును. మురుగు పొలములలోనికి పారును, బండ్లబాటలు మూసుకొనిపోవును. కావున ప్రణాళిక వలదనుట మార్గము కాదు. మన మాట వినిన ప్రణాళిక కావలెననుట మార్గము.

కోర్టులకు వచ్చు వివాదములు

భూవినియోగపు మార్పుపై వచ్చు వివాదములు ప్రధానముగా నాలుగు తెగలు. ఒక్కొక్క తెగపై దేశములోని అత్యున్నత న్యాయస్థానము చెప్పిన నిర్ణయములు కలవు. సభ్యులు వాని సారమును తెలిసికొనుట మేలు.

మొదటి తెగ – భూస్వామికి, ప్రభుత్వమునకు నడుమ వచ్చునది. ఒకరి సొంత భూమిని ప్రణాళికలో తోటగా చూపి, దానిని సేకరింపకయు, పరిహారము ఇయ్యకయు, యజమానిని వాడుకొననీయకయు ఉంచవచ్చునా? పూనా నగరమునకు సంబంధించిన రాజు జెఠ్మలానీ కేసులో 2005లో సుప్రీంకోర్టు దీనికి సమాధానము చెప్పెను. సొంత భూమిని ప్రణాళికలో చేర్చవచ్చును. అయితే దానిని సేకరింపకుండ యజమాని అనుభవమును నిరవధికముగా నిలిపివేయరాదు అని దాని సారము. ఆస్తి హక్కు 1978లో 44వ సవరణతో ప్రాథమిక హక్కుల నుండి తొలగినను, చట్టబద్ధముగా తప్ప ఎవరి ఆస్తిని తీసికొనరాదని రాజ్యాంగపు 300-ఎ అధికరణము శాసించుచున్నది. 2024 మే నెలలో కలకత్తా నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఆ అధికరణమును విశదీకరించుచు, నోటీసు, విచారణ, కారణములతో కూడిన నిర్ణయము, ప్రజాప్రయోజనము, న్యాయమైన పరిహారము మొదలైనవి అందులో ఇమిడియున్నవని చెప్పెను.

రెండవ తెగ – ఇరుగు పొరుగు వారి నడుమ వచ్చునది. ఉడిపి పట్టణమున ఒకరు కల్యాణమండపముగా అనుమతి పొందిన కట్టడమును సినిమా హాలుగా మార్చబూనగా, పురపాలక సంఘము అందులకు ఒప్పుకొనెను. అది నివాస ప్రాంతము. పొరుగువారొకరు పోరాడి సుప్రీంకోర్టు దాక వెళ్లిరి. 1974లో కోర్టు పొరుగువారి పక్షమున తీర్పు చెప్పి, ప్రణాళికకు విరుద్ధముగా అనుమతి ఇచ్చు అధికారము స్థానిక సంస్థకు లేదని స్పష్టము చేసెను. నొయిడా నగరమున నివాస గృహములలో బ్యాంకులు మొదలగునవి నడుపుటపై 2011లో వచ్చిన ఆర్.కె. మిట్టల్ కేసులోను కోర్టు ఇట్లే చెప్పెను. “పంచాయతీ తీర్మానించినది గదా” అను మాట నియమ విరుద్ధమైన అనుమతికి ప్రాణము పోయదని సభ్యులు గుర్తింపవలెను.

మూడవ తెగ – ఊరుమ్మడి భూములపై వచ్చునది. బెంగుళూరులో ఉద్యానము కొరకు విడిచిన స్థలమును ఒక సంస్థకు ఆసుపత్రి కట్టుటకు కేటాయింపగా, 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపును చెల్లదనెను. ఆసుపత్రియు మంచిదే, కాని ప్రజల ఉద్యానమును తీసి ఒకరి చేతికి ఇచ్చుటకు ఆ మంచి చాలదని కోర్టు భావించెను. పంజాబు రాష్ట్రమున పటియాలా జిల్లాలోని ఒక గ్రామపు చెరువును పూడ్చి ఇండ్లు కట్టుకొన్నవారి విషయమున 2011 జనవరి 28వ తేదీన తీర్పు చెప్పుచు, గ్రామపు ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగించు పథకములు తయారుచేయవలెనని కోర్టు అన్ని రాష్ట్రములను ఆదేశించెను. శిఖం భూమి, గైరాను, శ్మశానవాటిక, బండ్లబాట – ఇవి రోడ్డు ప్రక్కకు వచ్చినకొలది దుకాణదారుల కన్ను వాటిపై పడుచుండును. వీనిని వాణిజ్యమునకు ఇచ్చు అధికారము ఏ తీర్మానమునకును లేదు. అట్లే భూమిలేని పేదలకు పంచిన అసైన్డు భూములను చేతులు మార్చుటను 1977వ సంవత్సరపు చట్టము నిషేధించుచున్నది.

నాలుగవ తెగ – దరఖాస్తుదారునకు, స్థానిక సంస్థకు నడుమ వచ్చునది. నియమముల ప్రకారము అన్నియు సరిగానున్నను, “ముసాయిదా ప్రణాళిక వచ్చుచున్నది” అను నెపమున అనుమతి నిరాకరించుట, లేక ఉత్తరమునకు జవాబే ఇయ్యకుండుట కలదు. ముసాయిదా దశలో ఉన్న ప్రణాళికను కారణముగా చూపి, అమలులో ఉన్న నియమముల క్రింద రావలసిన అనుమతిని ఆపరాదని టి. విజయలక్ష్మి కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పినది. నిరాకరింపవలసినచో కారణము వ్రాసి నిరాకరింపవలెను. కారణము లేని “కాదు” కోర్టులో నిలువదు.

పంచాయతీ చేయదగిన పనులు

ఇక పంచాయతీ తన వంతుగా ఏమి చేయవలెనో చెప్పుదుము.

1. గ్రామ నక్షాను, సర్వే నంబర్ల జాబితాను పంచాయతీ కార్యాలయమున సిద్ధముగ ఉంచవలెను. ఏ నంబరు పట్టా, ఏది అసైన్డు, ఏది శిఖము, ఏది గైరాను, ఏ ఒర్రె ఎటు పోవుచున్నది అని గుర్తించుకొనవలెను. వివాదము వచ్చిన పిమ్మట వెదకికొను కాగితము కంటె, ముందుగా ఉన్న కాగితము బలమైనది.

2. ముసాయిదా ప్రణాళిక వెలువడినట్లు తెలియగనే దాని పటమును, నివేదికను తెప్పించి గ్రామసభలో చదివి వినిపింపవలెను. దండోరా వేయించి, గడువు తేదీని అందరికి తెలుపవలెను. వలస పోయినవారి కుటుంబములకు ప్రత్యేకముగ చెప్పవలెను. కోరుట్ల ప్రాంతమున భూమి యజమాని గల్ఫులో, ఇంటివారు ఇచట ఉండుట పరిపాటి గనుక ఇది మరింత అవసరము.

3. ఆక్షేపణలు వ్రాతమూలకముగా, సర్వే నంబరు వారీగా ఇప్పింపవలెను. “ఈ ప్లాను మాకు వద్దు” అను ఒక్క వాక్యము కంటె, “ఫలాని నంబరు రెండు పంటలు పండు తరి భూమి, దానికి ఫలాని కాలువ నీరు పారుచున్నది, దానికి బదులు ఫలాని బీడు భూమిని పరిశీలింపుడు” అను మాటకు విలువ హెచ్చు. ప్రతి ఆక్షేపణకు రసీదు తీసికొనవలెను. కోర్టుకు పోవలసిన స్థితి ఏర్పడిన, గడువులో ఆక్షేపణ ఇచ్చితిమనుటకు ఆ రసీదే సాక్ష్యము.

4. నీటి స్థలముల హద్దులు కాపాడవలెను. 2012వ సంవత్సరపు భవన నియమముల ప్రకారము, పది హెక్టార్లు, అంతకు మించిన చెరువు నిండు నీటిమట్టము నుండి 30 మీటర్ల లోపలను, అంతకు చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్ల లోపలను కట్టడములు కూడవు. పది మీటర్లకు మించిన వెడల్పు గల కాలువలు, వాగులకును 9 మీటర్ల హద్దు కలదు. రోడ్డు ప్రక్క దుకాణముల వరుస చెరువు అలుగు దాక పాకిన పిమ్మట వగచి ఫలము లేదు.

5. లేఅవుటు వేసినచోట ప్రజోపయోగమునకు విడువవలసిన పది శాతము ఖాళీ స్థలమును పంచాయతీ పేర వ్రాయించుకొని, హద్దులు నాటి, బోర్డు పెట్టవలెను. వ్రాయించుకొనని స్థలము నాలుగేండ్లలో మరల ప్లాటుగా అమ్ముడుపోవుట పలుచోట్ల జరుగుచున్నది. ఆమోదము లేని లేఅవుట్లలో స్థలములు కొన్నవారు 2020 నాటి క్రమబద్ధీకరణ పథకము క్రింద రుసుములు చెల్లింపవలసి వచ్చెను. పంచాయతీ మొదటనే మేలుకొన్నచో ఆ భారము పేదవానిపై పడియుండెడిది కాదు.

6. మిల్లు, ఫంక్షన్ హాలు, గోదాము వంటి వాటికి దరఖాస్తు వచ్చినప్పుడు చుట్టుపట్ల ఇండ్లవారి అభిప్రాయమును తెలిసికొని, చెప్పినది యథాతథముగా నమోదు చేయవలెను. సభ్యులలో ఎవరికైనను ఆ భూమిలో గాని వ్యాపారములో గాని సంబంధమున్నచో వారు చర్చ నుండి తప్పుకొనుట మర్యాదయు, వివేకమును.

కోర్టునకు పోవుటకు ముందు

భూమి ఎవరిదన్న తగాదాకు సివిలు కోర్టు, ప్రభుత్వపు లేక స్థానిక సంస్థ ఉత్తర్వు చట్టవిరుద్ధమన్న ఫిర్యాదుకు రాజ్యాంగపు 226వ అధికరణము క్రింద హైకోర్టు – ఇవి రెండును వేరు మార్గములని సభ్యులు ప్రజలకు తెలుపవలెను. ముసాయిదా దశలోనే హైకోర్టుకు పోయినవారిని ముందుగా ఆక్షేపణ దాఖలు చేయుమని కోర్టు పంపుటయు కలదు. న్యాయ సహాయము కొనుటకు శక్తి లేనివారికి 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టము క్రింద జిల్లా, మండల న్యాయసేవా సంస్థలు ఉచితముగ న్యాయవాదిని నియమించును. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి ఆదాయముతో నిమిత్తము లేకయే ఈ సహాయము లభించును.

కోర్టు వ్యాజ్యము సంవత్సరముల తరబడి సాగును. ఆ కాలమున భూమిని అమ్ముటకు గాని, తాకట్టు పెట్టుటకు గాని వీలుచిక్కక రైతు అల్లాడును. వ్యాపారము పెట్టదలచినవాడు వడ్డీ కట్టుచు కూర్చుండును. ఊరు రెండు పక్షములగును. గెలిచినవాడును ఓడినవానితో ఒకే బావి నీరు త్రాగవలసినవాడే గదా!

గ్రామమునకు వ్యాపారము వలదని మేము చెప్పుట లేదు. పసుపు ఆడించు మర, ధాన్యము దాచు గోదాము, బీడీ చుట్టు చేతులకు వేరొక పని చూపు చిన్న పరిశ్రమ – ఇవి గ్రామమునకు కావలసినవే. అవి ఎచట రావలెనో గ్రామము ముందుగా ఆలోచించి, బీడు భూమిని, మెరక భూమిని చూపగలిగినచో తరి పొలము మిగులును, వ్యాపారమును సాగును. అయిలాపూర్‌లోనైనను, పైడిమడుగులోనైనను, మోహన్‌రావుపేటలోనైనను పంచాయతీ సభ్యులు తదుపరి గ్రామసభ కార్యక్రమములో ఒక అంశముగా గ్రామ నక్షాను బల్లపై పరచి, రోడ్డు ప్రక్క నంబర్లను ఒక్కొక్కటిగా పరిశీలింపవలెనని కోరుచున్నాము. ముసాయిదా పటము పట్టణము నుండి వచ్చునాటికి, మన పటము మన చేతిలో సిద్ధముగ ఉండవలెను.